కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది, ఐదో నెల నడుస్తోంది, ఓహిప్ (ఓంటారియో గవర్నమెంట్ హెల్త్ ఇన్సూరెన్స్) మొదటి రోజు నుంచే వస్తుందా? డెలివరీ ఇక్కడా అక్కడా?

గుంటూరు_మిరప:

అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు, మా వారు హైదరాబాద్‌లో జాబ్. పోయిన నెలే సీఓపీఆర్ (పీఆర్ మంజూరైనట్టు ఇచ్చే కాగితం) వచ్చింది, దాని గడువు ఇంకా నాలుగు నెలలే ఉంది. నాకిప్పుడు 21 వారాలు, మొదటి కాన్పు. మా ఆడపడుచు ఓంటారియో రాష్ట్రంలో బ్రాంప్టన్‌లో ఉంటారు, దిగేది వాళ్ల ఇంట్లోనే. మా కన్సల్టెంట్ ఏమో దిగాక మూడు నెలలు గవర్నమెంట్ ఇన్సూరెన్స్ రాదు, అప్పటిదాకా డబ్బులు కట్టుకోవాలి, డెలివరీ ఇండియాలో చేసుకుని వెళ్లండి అంటున్నాడు. అత్తయ్యగారు ఏడో నెలలో సీమంతం చేశాకే పంపిస్తాం అంటున్నారు, మా అమ్మేమో మొదటి పురుడు పుట్టింట్లోనే అంటోంది. నాకు బుర్ర పనిచేయట్లేదు. ఈ మధ్య ఇలా వెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

మంచులో_ఆవకాయ:

అమ్మా ముందు ఆ మూడు నెలల మాట మర్చిపో. ఓంటారియోలో ఆ వెయిటింగ్ ఉండేది నిజమే, 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు తీసేశారు, మళ్లీ పెట్టలేదు. పీఆర్‌గా దిగి ఓంటారియోలోనే కాపురం ఉండబోతున్నావంటే దిగినప్పటి నుంచే ఓహిప్‌కి అర్హురాలివి, కడుపుతో ఉన్నావా లేదా అని ఎవరూ అడగరు, ముందు నుంచి ఉన్న జబ్బు అనే లెక్క కూడా ఉండదు, అదంతా ప్రైవేట్ ఇన్సూరెన్స్ వాళ్ల భాష.

నేను 25 వారాలప్పుడు దిగాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా. దిగిన మూడో రోజు సర్వీస్ ఓంటారియో అనే గవర్నమెంట్ ఆఫీసుకి వెళ్లాం. మూడు రకాల కాగితాలు ఒరిజినల్స్ కావాలి: స్టేటస్‌కి సీఓపీఆర్, గుర్తింపుకి పాస్‌పోర్ట్, ఓంటారియోలో ఉంటున్నట్టు అడ్రస్ ప్రూఫ్. ఈ మూడోదే అందరికీ తంటా, ఎందుకంటే నీలాగే మేమూ చుట్టాలింట్లో దిగాం, కరెంటు బిల్లు వాళ్ల పేరు మీద ఉంటుంది కదా. మేం దిగిన మర్నాడే బ్యాంక్ అకౌంట్ తెరిచి ఆ అడ్రస్‌తో స్టేట్‌మెంట్ తీసుకున్నాం, అద్దె అగ్రిమెంట్ ఉన్నా సరిపోతుంది. ఏమేం తీసుకుంటారో ఓంటారియో గవర్నమెంట్ సైట్‌లో లిస్ట్ ఉంది, అది చూసుకునే వెళ్లు. కార్డు పోస్టులో ఇంటికొస్తుంది, ఈలోపు కౌంటర్‌లో ఇచ్చిన కాగితం పారేయకు.

ఇంకోటి, మన తెలుగోళ్ల రోగం. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఉంటే సీఓపీఆర్‌లో పేరు వేరేలా పడుతుంది. అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకో, అక్కడికెళ్లాక కడుపేసుకుని క్యూలో నిలబడి వాదించలేవు.

కందిపొడి_కాల్గరీ:

ఆవకాయ గారు చెప్పింది ఓంటారియోకి. ఎవరైనా చదివి కెనడా అంతా ఇంతే అనుకుంటారేమో అని రాస్తున్నా, ఇక్కడ హెల్త్ అనేది ప్రావిన్స్ సబ్జెక్ట్, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్. మా అల్బెర్టాలో వేరే దేశం నుంచి నేరుగా వచ్చి మూడు నెలల్లోపు అప్లై చేస్తే వచ్చిన రోజు నుంచే కవర్. బ్రిటిష్ కొలంబియాలో మాత్రం వెయిటింగ్ ఉంది, దిగిన నెలలో మిగిలిన రోజులు ప్లస్ ఇంకో రెండు నెలలు. అంటే జూన్ 20న వాంకోవర్‌లో దిగితే సెప్టెంబర్ 1 నుంచి. క్యూబెక్‌లో మూడు నెలల దాకా వెయిటింగ్ ఉన్నా గర్భం, కాన్పుకి సంబంధించిన సేవలకి ఆ వెయిటింగ్ వర్తించదు. కన్సల్టెంట్ ఏ రాష్ట్రం గురించి చెప్పాడో అడిగారా అసలు?

గుంటూరు_మిరప:

లేదండీ, కెనడా అన్నాడు అంతే 😐

సరే ఓహిప్ వస్తుంది అనుకుందాం. మా ఇంట్లో ఇప్పుడు కొత్త ప్లాన్, ఇద్దరం వెళ్లి ల్యాండింగ్ (అక్కడ దిగి పీఆర్ ఖాయం చేయించుకోవడం) చేసుకుని రెండు వారాల్లో వెనక్కి వచ్చేసి, పుట్టింట్లో పురుడు అయ్యాక మూడో నెలలో బాబునో పాపనో తీసుకుని వెళ్దాం అని. లేదంటే ల్యాండింగే కాన్పు తర్వాత. ఇందులో ఏదన్నా ఇబ్బందా?

కాగితాల_కరణం:

రెండిట్లోనూ ఉందమ్మా, ఓహిప్ కన్నా పెద్ద ఇబ్బంది. నిదానంగా చదువు, మీ వారికి, పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించు.

ల్యాండ్ అవ్వకముందే ఇండియాలో బిడ్డ పుడితే, ఆ సంగతి ఇమ్మిగ్రేషన్ వాళ్లకి చెప్పి బిడ్డని మీ ఫైల్‌లో చేర్పించేదాకా మీరు ఆ సీఓపీఆర్‌తో ఎక్కకూడదు. బిడ్డకి పాస్‌పోర్ట్, మెడికల్, ఫీజు అన్నీ అవ్వాలి. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం సీఓపీఆర్ గడువు నాలుగు నెలలు, నీ డెలివరీకి ఇంకా 19 వారాలు, అంటే బిడ్డ పుట్టకముందే గడువు అయిపోతుంది. పోనీ చెప్పకుండా వెళ్లి తర్వాత చూసుకుందాం అనే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు, ల్యాండింగ్ అప్పుడు చెప్పని బిడ్డని తర్వాత స్పాన్సర్ చేసే దారే మూసుకుపోవచ్చు.

ల్యాండ్ అయి వెనక్కి వచ్చి ఇండియాలో కంటే, మీరిద్దరూ పీఆర్, బిడ్డ మాత్రం భారత పౌరుడు, పీఆర్ కాదు. అమ్మానాన్న పీఆర్ అయితే బిడ్డకి దానంతట అది రాదు. వెళ్లి స్పాన్సర్ చేయాలి, పసిబిడ్డ ఇక్కడ, మీరక్కడ, లేదా మీరూ ఇక్కడే. పైగా ఓహిప్‌కి రూల్ ఉంది, మొదటి 183 రోజుల్లో 153 రోజులు ఓంటారియోలోనే ఉండాలి. రెండు వారాలుండి వచ్చేస్తే అది కాపురం కాదు, చుట్టపుచూపు. అలా తీసుకున్న కార్డు నిలబడదు.

అదే అక్కడ పుడితే బిడ్డ కెనడా పౌరుడు, గొడవ లేదు. ఇండియా తీసుకురావాలంటే కెనడా పాస్‌పోర్ట్, దాని మీద వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) గానీ కావాలి, అది తాపీగా చేసుకోవచ్చు.

నన్నడిగితే సీమంతం ఏడో నెలదాకా ఎందుకు, ఐదో నెలలోనూ చేస్తారు కదా, ఈ వారంలోనే గాజులు తొడిగించేసి బయల్దేరండి. 28 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్ల వాళ్లు డాక్టర్ లెటర్ అడుగుతారు, ఇంకా పైకి వెళ్తే ఎక్కనివ్వరు కూడా.

మంచులో_ఆవకాయ:

కరణం గారితో నూటికి నూరు. ఇంకో కారణం కూడా ఉంది తొందరగా వెళ్లడానికి. అందరూ కార్డు కార్డు అంటారు, కార్డు మాకు ఒక్క పూటలో అయిపోయింది. అసలు కష్టం డాక్టర్ దొరకడం. ఇక్కడ గైనకాలజిస్ట్ దగ్గరికి మనంతట మనం వెళ్లి ఓపీ రాయించుకోవడం ఉండదు, ఫ్యామిలీ డాక్టరో వాక్-ఇన్ క్లినిక్ (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లేది) డాక్టరో రిఫరల్, అంటే సిఫార్సు చీటీ, పంపాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ఫ్యామిలీ డాక్టర్ ఎక్కడుంటారు. నేను వెళ్లిన ఒక వాక్-ఇన్‌లో ఫ్యాక్స్ పంపాం అన్నారు, రెండు వారాలు ఫోన్ కోసం కూర్చున్నా, అడిగితే ఆ ఫ్యాక్స్ వెళ్లనే లేదు. తర్వాత రెండు చోట్ల ఈ నెలలకి నిండిపోయాం అన్నారు. 29 వారాలకి దొరికింది నాకు, అప్పటిదాకా రాత్రి నిద్ర లేదు. అందుకే రిఫరల్ పంపిన రెండు రోజులకే అటూ ఇటూ ఇద్దరికీ ఫోన్ చేసి అందిందా అని అడుగు, మొహమాటపడకు.

మిడ్‌వైఫ్ అనే దారి కూడా ఉంది. మన ఊళ్లో మంత్రసాని అనుకుని మా అమ్మ ఏడ్చినంత పని చేసింది గానీ ఇక్కడ వాళ్లు డిగ్రీ చదివి లైసెన్స్ ఉన్నవాళ్లు, హాస్పిటల్లోనూ డెలివరీ చేస్తారు, కాన్పయ్యాక ఆరు వారాల దాకా తల్లినీ బిడ్డనీ చూస్తారు. రిఫరల్ అక్కర్లేదు, నువ్వే ఫోన్ చేసుకోవచ్చు. ఏదైనా రిస్క్ ఉంటే వాళ్లే డాక్టర్ దగ్గరికి పంపిస్తారు.

ఓరుగల్లు_పోరడు:

అక్కా నాదొక డౌట్, నడిమిట్ల దూరుతున్న ఏమనుకోకుండ్రి. నేను ఓంటారియోలనే మాస్టర్స్ చేస్తున్న, స్టడీ పర్మిట్. మా ఆవిడ వచ్చి నాలుగు నెలలైంది, ఓపెన్ వర్క్ పర్మిట్ మీద, ఇప్పుడు రెండో నెల. మాకు గూడ ఓహిప్ వస్తదా? దోస్తులు ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తున్నరు.

కాగితాల_కరణం:

తమ్ముడూ, స్టూడెంట్‌గా నీకు ఓంటారియోలో ఓహిప్ రాదు. యూనివర్సిటీ అయితే యూహిప్ అని వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుంది, కాలేజీ అయితే వాళ్ల ప్రైవేట్ ప్లాన్. అందులో భార్యని చేర్చావా, చేర్చిన తేదీకి ముందే గర్భం ఉంటే కాన్పుకి ఇస్తారా అనేది పాలసీ తీసి అక్షరం అక్షరం చదువు, ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకో.

కానీ నీకు ఇంకో తలుపు ఉంది. మీ ఆవిడ చేసే జాబ్ ఏంటి? వర్క్ పర్మిట్ ఉండి, ఓంటారియో ఎంప్లాయర్ దగ్గర ఫుల్‌టైమ్, కనీసం ఆరు నెలలకి అయితే ఆమెకే ఓహిప్ వస్తుంది, ఎంప్లాయర్ దగ్గర లెటర్ తీసుకోవాలి. ఆమెకి వస్తే భర్తగా నీకూ వస్తుంది.

ఓరుగల్లు_పోరడు:

గోదాంల చేస్తది అన్న, వారానికి 40 గంటలు. ఏజెన్సీ ద్వారా. గీ సంగతి ఇన్ని రోజులు ఎవ్వడు చెప్పలే మాకు.

కాగితాల_కరణం:

అయితే రేపే లెటర్ అడగండి. అందులో ఫుల్‌టైమ్ అని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని స్పష్టంగా ఉండాలి. ఏజెన్సీ అంటే లెటర్ ఇచ్చే దగ్గర నసుగుతారు, వదలొద్దు. ఈలోపు కార్డు లేదని చెకప్‌లు మానేయకండి. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఓహిప్ లేనివాళ్లని కూడా చూస్తాయి, మిడ్‌వైఫ్ సేవ కూడా ఓంటారియోలో నివాసం ఉండేవాళ్లకి ఓహిప్ కార్డు లేకపోయినా ఉచితం. హాస్పిటల్ బిల్లు, స్కానింగ్‌లు అవి వేరే సంగతి, అందుకే కార్డు కోసం తిరగడం ఆపొద్దు.

గుంటూరు_మిరప:

ఇంట్లో అందరికీ చదివి వినిపించా. అత్తయ్యగారు కరణం గారు ఎవరో పంతులుగారు అనుకుని సరే అనేశారు 😄 సీమంతం వచ్చే గురువారం, టికెట్లు ఆ పైవారం. ఇక్కడి నుంచి ఏమేం తెచ్చుకోవాలి? ఓహిప్‌లో ఏది రాదు?

మంచులో_ఆవకాయ:

శుభం! రిపోర్టులన్నీ తెచ్చుకో, చెకప్ బుక్, ఎన్‌టీ స్కాన్, టిఫా స్కాన్, బ్లడ్ గ్రూప్, థైరాయిడ్, టీటీ ఎప్పుడు వేశారో తేదీతో సహా. నీది నెగటివ్ గ్రూప్ అయితే మొదటి అపాయింట్‌మెంట్‌లోనే చెప్పు. షుగర్ టెస్ట్ ఇక్కడ 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, సరిగ్గా నువ్వు దిగే టైమ్, డాక్టర్ దొరకలేదని అది తప్పిపోకూడదు, వాక్-ఇన్‌లో అయినా రాయించుకో.

ఓహిప్‌లో డాక్టర్లు, అవసరమైన స్కాన్‌లు, రక్తపరీక్షలు, హాస్పిటల్, నార్మల్ అయినా సిజేరియన్ అయినా మన జేబులోంచి పోయేది లేదు. రానివి: హాస్పిటల్ బయట కొనే మందులు, పళ్ల డాక్టర్, సింగిల్ రూమ్. ఐరన్, కాల్షియం మాత్రలు మీ డాక్టర్ చీటీతో కొన్నాళ్లకి తెచ్చుకో. 25 ఏళ్ల లోపు అయి ప్రైవేట్ ఇన్సూరెన్స్ లేకపోతే చాలా మందులు కూడా ఫ్రీ. అంబులెన్స్‌కి 45 డాలర్లు బిల్లు వస్తుంది, చూసి కంగారు పడకు, ఓహిప్ లేకపోతే అదే 240. అర్ధరాత్రి చిన్న అనుమానం వస్తే 811కి ఫోన్ చెయ్, నర్స్ మాట్లాడుతుంది.

ఇక్కడ నెలనెలా స్కాన్ చేయరు, నిర్లక్ష్యం అనుకోకు, పద్ధతే అంత. నార్మల్ అయితే ఒక రోజు తిరక్కుండానే ఇంటికి పంపేస్తారు. కాన్పవగానే ఐస్ నీళ్లు, చల్లటి శాండ్‌విచ్ ఇచ్చారు నాకు, మా అమ్మ వీడియో కాల్‌లో చూసి గుండె పట్టుకుంది. మా ఆయన ఫ్లాస్క్‌లో వేడినీళ్లు, డబ్బాలో వెల్లుల్లి కారం అన్నం తెచ్చేదాకా నేను ముట్టుకోలేదు. బిడ్డ ఓహిప్ ఫారం హాస్పిటల్లోనే ఇస్తారు, అక్కడే నింపేసి ఇచ్చేయి. బర్త్ రిజిస్ట్రేషన్ 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో.

కందిపొడి_కాల్గరీ:

ఒకటి కలుపుతా. మెటర్నిటీ లీవ్ డబ్బులు వస్తాయి అని ఎవరన్నా అంటే నమ్మి బడ్జెట్ వేసుకోవద్దు, ఆ డబ్బులిచ్చే ఈఐకి (ఉద్యోగుల గవర్నమెంట్ ఇన్సూరెన్స్) ముందటి 52 వారాల్లో 600 గంటలు పని చేసి ఉండాలి, దిగిన నాలుగు నెలల్లో అది చాలా కష్టం. చైల్డ్ బెనిఫిట్ (పిల్లలున్నవాళ్లకి గవర్నమెంట్ ఇచ్చే డబ్బు) వేరు, అది అప్లై చేసుకోండి.

మీ అమ్మగారిని పురుటికి పిలిపించుకోవాలంటే విజిటర్ వీసా ఇప్పుడే మొదలెట్టండి. ఆవిడకి మాత్రం ఓహిప్ రాదు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే.

గుంటూరు_మిరప:

అప్‌డేట్ అండి. దిగి తొమ్మిది రోజులైంది, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో ఓహిప్ అప్లై అయిపోయింది, ఆడపడుచుగారి డాక్టర్ రిఫరల్ పంపారు, నేను రెండో రోజే ఫోన్ చేస్తే ఫ్యాక్స్ అందలేదన్నారు, మళ్లీ పంపించా 🙏 మిడ్‌వైఫ్‌ల వెయిటింగ్ లిస్ట్‌లో కూడా పేరిచ్చా. ఇంకొక్క డౌట్, ఇక్కడెవరో కార్ సీట్ 30 డాలర్లకి అమ్ముతున్నారు, అమెరికాలో కొన్నదట, తీసుకోవచ్చా?

కందిపొడి_కాల్గరీ:

వద్దండీ. అమెరికాది ఇక్కడ చెల్లదు, సీటు మీద కెనడా సేఫ్టీ మార్క్ స్టిక్కర్ ఉండాలి, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంటుంది చూసుకోండి. అది లేకుండా బిడ్డని కార్లో ఇంటికి తెచ్చుకోలేరు.