నాలుగు వైపులూ నాలుగు కొలతలు: స్థలం ఎన్ని గజాలు?

ప్రశ్న (పోరంకి, విజయవాడ):
పంట కాలువ పక్క స్థలం. తూర్పు 52 అడుగులు, దక్షిణం 56, పడమర 39, ఉత్తరం 63. ఎదురెదురు వైపులు కూడి సగం చేసి, ఆ రెండూ గుణిస్తే 2707 చదరపు అడుగులు. అంటే 300 గజాల పైమాటే అంటున్నారు బ్రోకరు గారు. నమ్మవచ్చా? చుట్టూ ముళ్లకంచె కూడా వేయించాలి.

జవాబు 1:
ఆ సగటు లెక్క మూలమట్టంగా ఉన్న దీర్ఘచతురస్రానికే సరిపోతుందండీ. మిగతా ఏ ఆకారానికైనా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించడం ఉండదు. అసలు నాలుగు వైపులు తెలిసినంత మాత్రాన వైశాల్యం తేలదు. మంచం పట్టెలు అవే ఉన్నా కోళ్లు వదులైతే మంచం పక్కకి ఒరిగినట్టే, చుట్టుకొలత మారకుండానే స్థలం తగ్గిపోతుంది. ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకి టేపు లాగి కొలత పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
సరిగ్గా 60 అడుగులు వచ్చింది.

జవాబు 1:
అయితే రెండు త్రిభుజాలు. మూడు భుజాల నుంచి త్రిభుజం వైశాల్యం కట్టే తొమ్మిదో తరగతి హెరాన్ సూత్రమే ఇది. మొదటిది 52, 56, 60: చుట్టుకొలతలో సగం 84. 84లోంచి ఒక్కో భుజం తీసేస్తే 32, 28, 24. 84×32×28×24కి వర్గమూలం 1344. రెండోది 39, 63, 60: సగం 81. 81×42×18×21కి వర్గమూలం 1134. మొత్తం 2478 చదరపు అడుగులు. 9తో భాగిస్తే 275.3 గజాలు, అంటే 5.69 సెంట్లు. బ్రోకరు లెక్కలో పాతిక గజాలు గాలిలో ఉన్నాయి.

జవాబు 2:
డబ్బు కట్టేముందు ఆగ్నేయం–వాయవ్యం కర్ణం కూడా కొలవండి. 86 అడుగులు రావాలి. అడుగు తేడా వచ్చినా ఏదో ఒక కొలత తప్పినట్టే, సాధారణంగా టేపు మధ్యలో వేలాడి ఉంటుంది. ఇంకో మాట, 52 అడుగుల 6 అంగుళాలను క్యాలిక్యులేటర్‌లో 52.6 అని కొడతారు. అది 52.5.

వర్గమూలం గొడవ వద్దనుకుంటే 60 అడుగుల కర్ణం మీదికి మిగతా రెండు మూలల నుంచి లంబాలు కొలవండి. 44.8, 37.8 వస్తాయి. కూడితే 82.6. దాన్ని 60తో గుణించి సగం చేస్తే అదే 2478.

జవాబు 3:
కంచెకి వైశాల్యంతో పనిలేదు, చుట్టుకొలత 210 అడుగులు చాలు. స్తంభాలకి మాత్రం 210ని గుత్తగా 8తో భాగించకండి, ప్రతి మూలకీ స్తంభం పడాలి. 8 అడుగులు దాటకుండా వైపుల వారీగా 7, 7, 5, 8 ఖాళీలు. చుట్టూ తిరిగి మొదటి స్తంభానికే వస్తాం కాబట్టి ఖాళీలు ఎన్నో స్తంభాలూ అన్నే, 27. తూర్పున మధ్యలో 12 అడుగుల గేటు పెట్టినా లెక్క మారదు: అటు 20 అడుగుల్లో 3, ఇటు 3, గేటుది 1. గేటు స్తంభాలు రెండూ ఆ 27లోవే, కాకపోతే లావుగా ఉండాలి. తీగ ఐదు వరసలైతే, గేటు 12 అడుగులు పోను 198×5 = 990 అడుగులు, దాదాపు 302 మీటర్లు. మూలల దగ్గర చుట్టడానికి, ముడులకి మరో 15 మీటర్లు కలిపి తెచ్చుకోండి.