డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: బోన్లో పడ్డవి బయటికెలా వస్తున్నాయి?

రాతిగోడ
డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ (డ్వార్ఫులనే మరుగుజ్జుల కోటని నడిపించే కంప్యూటర్ గేమ్) స్టీమ్ వెర్షన్, మాడ్లు (ఆటగాళ్లు చేసిన మార్పులు) ఏమీ లేవు. గేటు ముందు 20 కేజ్ ట్రాపులు (తొక్కినదాన్ని బోన్లో బంధించే ఉచ్చులు), అన్నీ చెక్క బోన్లే. ముట్టడిలో 14 గాబ్లిన్లు, 2 ట్రోల్స్ పడ్డాయి. అంతకుముందే ఒక జెయింట్ బ్యాట్, ఒక పులి ఉన్నాయి. యానిమల్ స్టాక్‌పైల్లో (బోన్లు నిల్వ ఉంచే చోటు) ఉన్నంతసేపు గొడవ లేదు. పిట్ జోన్‌కి (ఖైదీల్ని తోసే గోతికి) అసైన్ చేసేసరికి మూడు గాబ్లిన్లు దారిలోనే విడిపించుకున్నాయి, మోసేవాళ్లు ఇద్దరు పోయారు. బ్యాట్‌ని గోతిలోనే పడేశారు, మరుక్షణం పైకొచ్చింది. పులికి ట్రైనింగ్ ఇచ్చి పాశ్చర్లో (జంతువుల్ని ఉంచే పచ్చిక చోటు) వదిలితే కొన్ని నెలలకు మళ్లీ అడవి జంతువైపోయింది. చెక్క తీసేసి ఇనుప బోన్లు పెట్టమంటారా?

మీటమీద‌చెయ్యి
ఇనుము దండగ. ఈ గేమ్‌లో బోను దేనితో చేశారన్నది లెక్కలోకి రాదు, ఒక్క దుంగతో చేసిన బోన్లో డ్రాగన్ పడినా లోపలే ఉంటుంది. బోను కారదు, కారేది మోసేవాడి చెయ్యి. నువ్వు ఇచ్చిన ఆర్డర్ ఏంటో చూడు. పిట్‌కి, పాశ్చర్‌కి, గొలుసుకి, ఇంకో బోనుకి, దేనికి అసైన్ చేసినా డ్వార్ఫ్ ముందు ఖైదీని బయటికి తీస్తాడు, తర్వాత చేత్తో పట్టుకుని నడిపిస్తాడు. ఆ నడకలోనే పోతాయి.
అదే, ఖైదీ ఉన్న బోనునే బిల్డ్ మెనూలో ఎంచుకుని కావలసిన చోట కట్టమంటే, బోను బోనుగా మోసుకెళ్లి పెడతాడు. పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, రెండోదాంట్లో తలుపు తెరిచే ఘట్టమే లేదు.

గుహవాసి
పై మాట నిజం. పిట్ కూడా వాడొచ్చు, నడక లేకుండా చేసుకుంటే చాలు.

ముందు ఖైదీల చేతుల్లో ఉన్నవి ఊడబెరకాలి. బోన్లున్న స్టాక్‌పైల్ మొత్తం మీద క్లెయిమ్ (మనవాళ్లు వాడొచ్చనే గుర్తు) గియ్యి (శత్రువుల సామాను ఫర్బిడ్, అంటే ముట్టకూడనిది, అయి ఉంటుంది, ఇది మర్చిపోతే ఎవడూ ముట్టుకోడు). తర్వాత అదే చోట డంప్ (పారెయ్యమనే గుర్తు) గియ్యి. ఇప్పుడు బోన్లకు కూడా డంప్ గుర్తు పడింది కదా, ఒక్కో బోను మీద క్లిక్ చేసి ఆ గుర్తు తీసెయ్. ఎక్కడో ఒక చెత్త జోన్ ఉండాలి. డ్వార్ఫులు బోను తెరవకుండానే కత్తి, డాలు, చొక్కా, చెప్పులు అన్నీ లాక్కెళ్లి అక్కడ పడేస్తారు. పడ్డ సామాను మళ్లీ ఫర్బిడ్ అవుతుంది, కరిగించాలంటే ఇంకోసారి క్లెయిమ్ చెయ్యాలి. డీఎఫ్‌హాక్ (గేమ్‌కి తగిలించుకునే బయటి టూల్) ఉంటే "స్ట్రిప్‌కేజ్డ్ ఆల్" అని ఒక్క కమాండ్‌తో ఈ గుర్తులు పెట్టే పని తప్పుతుంది.

ఇక గొయ్యి. ఒక గడి చానెల్ చేసి (పైనుంచి కిందికి తవ్వి), దానిమీద హ్యాచ్ కవర్ (నేలమీద పెట్టే మూత) పెట్టు. హ్యాచ్ ఉన్న గడి మీదే పిట్ జోన్ గియ్యి. మూసి ఉన్నా వాళ్లు అందులోంచే తోస్తారు. గొయ్యి చుట్టూ ఆనుకుని ఉన్న 8 గడుల్లోనే యానిమల్ స్టాక్‌పైల్ పెట్టు, దాని సెట్టింగ్స్‌లో ఖాళీ బోన్లు ఆపెయ్, లేకపోతే ఆ 8 గడులూ ఖాళీ డబ్బాలతోనే నిండిపోతాయి. బోను గొయ్యి పక్కనే ఉంటే డ్వార్ఫ్ నడిపించే దూరమే ఉండదు, తీసినవాడు తీసినట్టే తోసేస్తాడు. నీ గాబ్లిన్లు పారిపోయాయంటే స్టాక్‌పైల్ ఎక్కడో దూరంగా ఉండి ఉంటుంది.

లోతు పది అంతస్తులైనా ఉంటే గాబ్లిన్ సాధారణంగా కిందపడి అక్కడే ఆఖరు. ఒకే అంతస్తు తవ్వితే లేచి కూర్చుంటుంది.

మీటమీద‌చెయ్యి
గాబ్లిన్లకు ఓకే. బ్యాట్‌ని మాత్రం పిట్ జోన్ దగ్గరికి రానివ్వొద్దు. రెక్కలున్నదాన్ని గోతిలో తోస్తే పడుతుందా! అది ఎగిరి వచ్చినదారినే వస్తుంది. ట్రోల్స్‌ని కూడా నేనైతే చేత్తో ముట్టనివ్వను. వీటికి లివర్ (మీట) గది కట్టుకో.

పైకప్పున్న గది, ఒక పక్క గోడ బదులు ఫోర్టిఫికేషన్లు (బాణాలు వెయ్యడానికి సందులున్న గోడలు), వాటి వెనక క్రాస్‌బో వాళ్లు. లోపలికి ఒకటే దారి, దానికి తలుపు కాదు, ఎత్తే వంతెన. తలుపైతే ట్రోల్ బద్దలు కొడుతుంది. బ్యాట్ మళ్లీ బోన్లో పడ్డాక, అదీ ట్రోల్సూ ఉన్న మూడు బోన్లను గదిలోనే కట్టించి లివర్‌కి లింక్ చెయ్యి.

మెకానిజంలు (లివర్ కట్టడానికి, లింక్ చెయ్యడానికి వాడే భాగాలు) లెక్కేసుకో: లివర్‌కి 1, లింక్ చేసే ప్రతిదానికీ 2. మూడు బోన్ల లివర్‌కి 7, వంతెన లివర్‌కి 3, మొత్తం 10. రెండూ ఒకే లివర్‌కి తగిలించి ఒకటి మిగుల్చుకుందామని చూడకు. లివర్ లాగగానే బోను తెరుచుకుంటుంది, వంతెన కదలడానికి మాత్రం 100 టిక్కులు (గేమ్ కాలంలో అతి చిన్న అడుగులు) పడుతుంది. రోజంటే 1200 టిక్కులు కాబట్టి గేమ్ లెక్కలో రెండు గంటలు ఆ దారి బార్లా తెరిచి ఉన్నట్టే. ముందు వంతెన లేవాలి, గదిలో మనవాళ్లెవరూ లేరని చూసుకోవాలి, ఆ తర్వాతే బోన్ల లివర్.

రాతిగోడ
స్టాక్‌పైల్ దూరమే, మెట్ల అవతల ఉంది. అర్థమైంది. ఇంకో రెండు. ముట్టడి చివర్లో కొన్ని గాబ్లిన్లు ట్రాపుల మీదినుంచే లోపలికొచ్చాయి, పడలేదు. పులి సంగతి కూడా చెప్పండి.

గుహవాసి
బోను నిండిన ట్రాప్ ఖాళీ ట్రాపే. నిండిన బోను తీసుకెళ్లి, కొత్త ఖాళీ బోను తెచ్చి మళ్లీ ఎక్కించేదాకా ఆ గడి మామూలు నేల. 20 ట్రాపులున్నా మొదటి వరసలో ఆరో ఏడో నిండితే వెనకొచ్చేవాళ్లు ఆ సందులోంచే దూరతారు. ఖాళీ బోన్లు కనీసం ఇంకో 20 నిల్వ పెట్టుకో, ట్రాపుల్ని ఒకే వరసలో కాకుండా దారి పొడుగునా మూడు నాలుగు వరసలు వెయ్యి. కోబోల్డ్ దొంగలు ఎలాగూ ట్రాపులు తప్పించుకుంటాయి, వాటికి దారిలో కుక్కని కట్టు. ఎప్పుడైనా ఒకటి పడితే దాన్ని పిట్‌కి పంపకు, చేజారడంలో గాబ్లిన్ల కంటే అవే ముందుంటాయి.

పచ్చికబయలు
పులి గురించి నేను. ట్రైనింగ్ అంటే మచ్చిక పూర్తయినట్టు కాదు. పెద్దదయ్యాక పట్టిన అడవి జంతువుకి ఎంత ట్రైనింగ్ ఇచ్చినా అది అరుగుతూనే ఉంటుంది, మధ్యలో మళ్లీ ఇవ్వకపోతే మొదటికొస్తుంది. జంతువుల లిస్టులో పులి పక్కన ట్రైనర్‌ని కేటాయించే ఉంచాలి, ఒకసారి అయిపోయిందని తీసెయ్యకూడదు. ఒక్కడి పేరే పెడితే వాడు మంచాన పడ్డప్పుడు పని ఆగుతుంది, అందుకని ఎవరైనా ట్రైనర్ అనేదే పెట్టు. యానిమల్ ట్రైనింగ్ జోన్ ఉందో లేదో చూడు, మాంసం నిల్వ ఉందో లేదో కూడా చూడు. పులికి మాంసమే కావాలి, వంటవాళ్లు ఉన్నదంతా వండేస్తే ట్రైనర్ ఖాళీ చేతులతో నిలబడతాడు.

ఇప్పుడది కోటలో తిరుగుతోందా? అయితే అసైన్‌మెంట్లు ఏవీ పెట్టకు. పాశ్చర్‌ నుంచి వచ్చే దారిలో ఒక సన్నటి సందు చూసి రెండు కేజ్ ట్రాపులు వెయ్. పడ్డాక బోన్లో ఉండగానే ట్రైనింగ్ మొదలుపెట్టు, దానికి బయటికి తియ్యక్కర్లేదు.

రాతిగోడ
తిరుగుతోంది, ఆవుల దగ్గర. ట్రాపులు వేస్తున్నా.