చోక్ తీస్తే ఆగిపోతున్న పాత బండి: తప్పు ఇథనాల్‌దా, కార్బ్యురేటర్‌దా?

నర్సంపేట నుంచి:
నాన్న బండి. 2004 మోడల్, వంద సీసీ, ఫోర్ స్ట్రోక్. వానాకాలమంతా ట్యాంకులో పెట్రోల్ ఉండగానే షెడ్డులో పడి ఉంది. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్ట్ అవుతోంది, తీయగానే ఆగిపోతోంది. యాక్సిలరేటర్ పట్టి ఉంచితే నడుస్తుంది. వరంగల్ దాకా పోయి వచ్చాను, స్పీడు మీద ఏ ఇబ్బందీ లేదు. చౌరస్తాలో సిగ్నల్ పడితే మాత్రం టెన్షనే. ఒక మెకానిక్ "ఇథనాల్ పెట్రోల్ కార్పేటర్‌ను తినేసింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. ఇంకొకాయన కడిగితే చాలన్నాడు. ఎవరి మాట వినాలి?

కాజీపేట, టూ స్ట్రోక్ బండి:
మొదటాయన చెప్పిందాంట్లో నిజముంది తమ్మీ. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. అది తేమను లాక్కుంటుంది. నీళ్లు మోతాదు దాటితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పెట్రోల్ కాక్, అదే ట్యాంకు కుళాయి, ఉండేది అడుగునే కదా, ముందు కార్పేటర్‌లోకి వచ్చేది ఆ నీళ్లే. 2004లో ఆ రబ్బరు పైపులు, ఓ రింగులు చేసినవాళ్లు ఇంత ఇథనాల్‌ను లెక్కలోకి తీసుకున్నారా? మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే ఒప్పుకుంది. ఈ0కి, అంటే ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై, ఈ10కి (పది పాళ్ల ఇథనాల్‌కు) ట్యూన్ అయిన టూ వీలర్లకు 3 నుంచి 4 శాతం. మన బండ్లకు ఆ ఈ10 ట్యూనింగ్ కూడా లేదు.

హన్మకొండ, పాత బండ్ల పని:
ఇథనాల్ మీద కోపం నాకూ ఉంది. కానీ తమ్ముడు చెప్పిన లక్షణాలు చదివితే వేలు చూపించాల్సింది ఒక్కచోటే: స్లో జెట్, అంటే కార్పేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం ముక్క. ఐడ్లింగ్‌లో, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువగా దాని నుంచే అందుతుంది. దాని రంధ్రం సన్నం, కంటికి సరిగా ఆనదు. స్పీడు మీద పనంతా మెయిన్ జెట్‌ది, అది పెద్దది కాబట్టి తొందరగా మూసుకోదు. చోక్ వేస్తే గాలి తగ్గుతుంది, కొరత పడ్డ పెట్రోల్ సరిపోతుంది, బండి నిలబడుతుంది. నెలల తరబడి నిలిపిన బండిలో ఫ్లోట్ గిన్నెలోని (కార్పేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది. ఇథనాల్ లేని రోజుల్లోనూ వానాకాలం అయ్యాక ఇదే కంప్లైంట్ వచ్చేది.

కొత్త కార్పేటర్ కొనేముందు ఇవి చూడు. కాక్ దగ్గరి పైపు ఊడదీసి సీసాలో పట్టు, ధార ఆగకుండా రావాలి. పెట్రోల్ కాబట్టి ఆరుబయట, ఇంజన్ చల్లారాకే. ధార మెల్లగా సన్నబడి, ట్యాంకు మూత తెరవగానే పెరిగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. ఫ్లోట్ గిన్నె కింది డ్రైన్ స్క్రూ విప్పి ఆ పెట్రోల్‌ను గాజు గ్లాసులో పట్టు. నీళ్లుంటే అడుగున వేరే పొర కనబడుతుంది.

తర్వాత కార్పేటర్ విప్పి స్లో జెట్ తీసి క్లీనర్ స్ప్రే, కంప్రెసర్ గాలి కొట్టించు. స్ప్రే కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ పక్కన పెట్టాలి. పిన్నీసుతో, స్టీలు తీగతో పొడవనివ్వకు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఇక ఆ జెట్ లెక్క తప్పినట్టే. నా అనుమానం, మన దగ్గర "పోయిన" కార్పేటర్లలో చాలావాటి ప్రాణం తీసింది ఇథనాల్ కాదు, పిన్నీసు. నిజంగా మార్చాల్సింది స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకీ కిందికీ కదిలే ముక్క) అరిగి లోపల లటలటలాడుతుంటేనో, బాడీలో మరలు పోతేనో.

కాజీపేట, టూ స్ట్రోక్ బండి:
మరి కడిగాక కూడా లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువై నడిస్తే? ఇథనాల్ కలపని పెట్రోల్‌కు ఒక పాలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి, తూకం లెక్కన. ఈ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలి. సెన్సార్ ఉన్న ఇంజెక్షన్ బండ్లు తమకు తామే సర్దుకుంటాయి, మన జెట్‌కు ఆ తెలివి లేదు. పైగా వరంగల్ ఎండలు. అందుకే జెట్ ఒక సైజు పెంచాలంటాను.

హన్మకొండ, పాత బండ్ల పని:
లెక్క సరే అన్నా, ఎండ సంగతి మాత్రం తిరగబడింది. వేడికి గాలి పలచబడితే మిశ్రమం లీన్ కాదు, కొంచెం రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఎండల్లో అసలు గొడవ వేడెక్కిన పైపులో పెట్రోల్ ఆవిరవడం. జెట్ పెంచేముందు ప్లగ్గు చదవాలి, అంటే స్పార్క్ ప్లగ్గు విప్పి దాని మొన రంగు చూడాలి. గోధుమ రంగుంటే ముట్టుకోవద్దు, తెల్లగా ఉంటే మీ మాటే చేద్దాం, నల్లటి మసి ఉంటే ఇంకా పెంచడం పిచ్చితనం. ఐడ్లింగ్ వరకే తేడా అయితే ముందు కార్పేటర్ మీది మిశ్రమం స్క్రూ సర్దాలి. అది ఎయిర్ ఫిల్టర్ వైపుంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇంజన్ వైపుంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఇది తెలియక తిప్పేవాళ్లే ఎక్కువ.

రబ్బరు విషయంలో మాత్రం మీతో వాదన లేదు. పైపు ఉబ్బినా, పగుళ్లిచ్చినా మార్చాల్సిందే. ఓవర్‌ఫ్లో పైపులోంచి చుక్కలు పడుతుంటే ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది) మొన కూడా చూడాలి. ఈ సామానంతా కలిపినా కొత్త కార్పేటర్ ధర కాదు.

ములుగు నుంచి:
మీరిద్దరూ మ్యానిఫోల్డ్‌ను మరిచారు. కార్పేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఓ రింగు ఎండిపోయి గాలి లాగినా ఇవే లక్షణాలు. కడిగినా మారకపోతే అది మార్చి చూడాలి. ఇంకొకటి, బండి నెలల తరబడి నిలిపేటప్పుడు కాక్ మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపాలి. గిన్నె ఖాళీ అయితే జిగురు పట్టేదేముంది?

కాజీపేట, టూ స్ట్రోక్ బండి:
కడగడం ముందు, సరే. కానీ ఆ ట్యాంకులోని పాత పెట్రోల్ మొత్తం తీసేయమనండి. అందులోనే కొత్తది కలిపితే వారం తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వస్తాడు. తమ్మీ, ప్లగ్గు ఫోటో, గ్లాసు ఫోటో రెండూ పెట్టు. నీళ్ల పొర కనబడితే ఇథనాల్ మీద నా కేసు ఇంకా బతికే ఉన్నట్టు.

హన్మకొండ, పాత బండ్ల పని:
నీళ్లు కనబడితే ముందు ట్యాంకు మూత రబ్బరు చూద్దామన్నా. ఆ షెడ్డు వానకు కారుతుందో లేదో తమ్ముడు ఇంకా చెప్పనే లేదు.