న్యూ మెక్సికో కరెంటు కమిషన్: ఎన్నిక తీసేసి నియామకం పెట్టడం నవాహోలకు నష్టమేనా?

కొండగాలి:
లిండా లవ్‌జాయ్ పేరు మనవాళ్లలో చాలామంది విని ఉండరు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, క్రౌన్‌పాయింట్‌కు చెందిన నవాహో ఆదివాసీ మహిళ. రాష్ట్ర ప్రతినిధుల సభలో పనిచేశారు. కరెంటు, గ్యాస్, టెలిఫోన్ రేట్లు తేల్చే పబ్లిక్ రెగ్యులేషన్ కమిషన్ 1999లో కొత్తగా ఏర్పడినప్పుడు, జిల్లాకొకరుగా ఎన్నికయ్యే ఐదుగురు కమిషనర్లలో ఒకరయ్యారు. తర్వాత రాష్ట్ర సెనేట్‌కు వెళ్లారు. 2006లో, 2010లో నవాహో నేషన్ (నవాహోల స్వయంపాలన ప్రభుత్వం) అధ్యక్ష పదవికి పోటీచేసి రెండుసార్లూ ఓడిపోయారు. 2015లో మళ్లీ కమిషన్‌కు వచ్చారు, 2018 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో) ఆ సీటూ పోయింది.

ఇన్ని మలుపుల్లోనూ ఆమెను నిలబెట్టింది, పడగొట్టింది ఓటర్లే. 2020లో రాజ్యాంగ సవరణతో ఈ ఎన్నికనే ఎత్తేశారు. 2023 జనవరి నుంచి ముగ్గురే కమిషనర్లు, ముగ్గుర్నీ గవర్నరే నియమిస్తారు. గాలప్, ఫార్మింగ్టన్ వైపు నవాహోల ఓటు బలంగా ఉన్న నాలుగో జిల్లా అనేదే లేకుండా పోయింది. ఇది ముమ్మాటికీ నష్టమే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లైన్‌మన్ కొడుకు:
నేను కాదంటాను. కరెంటు రేటు కేసంటే ఏమనుకుంటున్నారు? ప్లాంటు తరుగుదల ఎన్నేళ్లకు లెక్కకట్టాలి, కంపెనీ పెట్టుబడికి ఎంత శాతం రాబడి ఇవ్వాలి, మూతపడే ప్లాంటు అప్పు ఎవరి నెత్తిన వేయాలి, ఇవీ అందులో తేలేవి. ప్రచారంలో చేతులు బాగా ఊపినవాళ్లకు ఇది వచ్చితీరాలని లేదు. మీరు చెప్పిన నాలుగో జిల్లా సీట్లోనే లవ్‌జాయ్ తర్వాత గెలిచిన కమిషనర్ 2010లో క్రిమినల్ కేసులో దోషిగా తేలి పదవి పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు ఇంకో జిల్లా కమిషనర్ నేరం ఒప్పుకుని దిగిపోయారు. జనానికి విసుగు రాదా? సవరణకు దాదాపు 55 శాతం మంది ఓటేశారు.

కొండగాలి:
అర్హత మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. గవర్నర్ మొదట ఎంపిక చేసిన ముగ్గురిలో ఒకాయనకు చట్టం అడిగిన అర్హత లేదని తేలి, ఆదిలోనే తప్పుకోవాల్సి వచ్చింది. నామినేటింగ్ కమిటీ వడపోసి పంపిన జాబితా నుంచి తీసుకున్న పేరే అది!

పద్మ (ఫీనిక్స్):
ఇద్దరూ 2018ని వదిలేశారు. ఆ ప్రైమరీలో రాష్ట్రంలోని అతిపెద్ద కరెంటు కంపెనీ పీఎన్‌ఎం మాతృసంస్థ ఒక రాజకీయ కమిటీకి నాలుగు లక్షల డాలర్లకు పైనే ఇచ్చింది. ఆ డబ్బు లవ్‌జాయ్‌కూ, మరో సిట్టింగ్ కమిషనర్‌కూ మద్దతుగా ఖర్చయింది. ఆమె అడిగారని నేననను. కానీ తన రేట్లు ఎవరు తేల్చాలో కంపెనీయే ఎంచుకోవడానికి దిగింది కదా, ఎన్నికలో ఉన్న జబ్బు అదే.

కొండగాలి:
పద్మగారూ, ఫలితం కూడా చెప్పండి మరి. ఇద్దరూ ఓడిపోయారు. లవ్‌జాయ్‌ని ఓడించింది థెరిసా బెసెంటి-అగిలార్. ఆవిడా నవాహోనే. 2014లో లవ్‌జాయ్ చేతిలో ఓడిపోయిన మనిషే నాలుగేళ్లకు ఆ సీటు తిరిగి తీసుకున్నారు. నవాహో ఓటర్ల ముందు ఒకరు కాదు, ఇద్దరున్నారు. నచ్చకపోతే మార్చుకున్నారు. గవర్నర్ ఒక నవాహోను నియమించినా, ఆయన్ను మార్చే వీలు గాలప్‌లో ఉన్నవాళ్లకు ఉంటుందా?

సీలేరు శ్రీను:
అన్నా, అసలు ఆ కమిషన్ మాట నవాహో భూమిలో ఎంతవరకు చెల్లుతుంది? అక్కడ వాళ్ల సొంత సంస్థ నవాహో ట్రైబల్ యుటిలిటీ అథారిటీ ఉంది, 1959 నుంచి. దాని రేట్లు రాష్ట్రం తేల్చదు. రిజర్వేషన్‌లో, అంటే నవాహోల సొంత భూభాగంలో, ఇప్పటికీ వేల ఇళ్లకు కరెంటు లేదు. గడపలో నిలబడి తలెత్తితే పెద్ద టవర్ లైన్లు, ఇంట్లో మాత్రం జనరేటరో బ్యాటరీ దీపమో. మా సీలేరు వైపు కూడా చూశాం ఇది, కరెంటు పుట్టేది అడవిలో, వెలిగేది పట్నంలో. కమిషన్‌లో సీటుంటే ఆ ఇళ్లకు లైను పడిందా?

కొండగాలి:
మంచి ప్రశ్న శ్రీనూ. లైను వేయడం కమిషన్ చేతిలో లేదు. కానీ రిజర్వేషన్ తూర్పు అంచున నవాహో భూమి, ప్రైవేటు భూమి, ప్రభుత్వ భూమి గళ్లుగళ్లుగా కలిసిపోయి ఉంటాయి. అక్కడ చాలా ఇళ్లకు కరెంటిచ్చేవి గ్రామీణ సహకార సంఘాలు, వాటి మీద రాష్ట్ర కమిషన్‌కు అధికారం ఉంది. ఇక బొగ్గు ప్లాంట్లు. 2022లో మూతపడిన శాన్ హువాన్ ప్లాంటు కేసు కమిషన్ ముందే నడిచింది. దాని మీద బతికిన నవాహో కార్మికులు వందల్లో ఉన్నారు. 2024లో నాలుగు పొగగొట్టాలూ ఒకేసారి కూల్చేశారు, వీడియో చూసే ఉంటారు.

లైన్‌మన్ కొడుకు:
బొగ్గు దగ్గరికి వచ్చారు కాబట్టి ఫోర్ కార్నర్స్ బొగ్గు ప్లాంటు సంగతి కూడా చెప్పండి. ఆ ప్లాంటు నవాహో భూమి మీదే ఉంది. పీఎన్‌ఎం తన 13 శాతం వాటాను నవాహో నేషన్ సొంత ఇంధన కంపెనీకి ఇచ్చేసి బయటపడతానంది. 2021 డిసెంబరులో కమిషన్ కుదరదంది. అప్పుడది ఎన్నికైన కమిషనే, నవాహో కమిషనర్ ఉన్న కమిషనే. నవాహో కంపెనీకి కావాల్సింది ఆ కమిషన్ ఇవ్వలేదు. మరి సీటు వల్ల ఒరిగిందేంటి?

పద్మ (ఫీనిక్స్):
ఇక్కడ మాత్రం నేను కొండగాలిగారి పక్కన. పోయే కరెంటు బదులు ఎక్కడి నుంచి తెస్తారో పీఎన్‌ఎం సరిగ్గా చూపలేదన్నది కమిషన్ అభ్యంతరం. 2023లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. నవాహోలంతా బొగ్గు కావాలనేవాళ్లే అనుకోకండి. పొగ పీల్చినవాళ్లు ఒకటంటారు, జీతం తీసుకున్నవాళ్లు ఇంకొకటంటారు. మన కమిషనర్ మన కంపెనీకే ఓటేయాలంటే అది రెగ్యులేటర్ పని కాదు, ఏజెంటు పని.

ఇంకోటి. 2010లో నవాహో అధ్యక్ష ఎన్నిక తొలి రౌండులో (ప్రైమరీలో) లవ్‌జాయ్ మొదటి స్థానంలో వచ్చారు. ఆడది అధ్యక్షురాలు కాకూడదని సంప్రదాయం పేరు చెప్పినవాళ్లున్నారు. చివరికి బెన్ షెల్లీ గెలిచారు. ఒక మహిళ ఉపాధ్యక్షురాలు కావడానికే 2022 ఎన్నికల దాకా పట్టింది. సొంత నేషన్‌లో తెరుచుకోని తలుపు రాష్ట్ర కమిషన్‌లో తెరుచుకుందంటే ఆ సీటుకు ఒక విలువ ఉన్నట్టే.

లైన్‌మన్ కొడుకు:
విలువ లేదనలేదండి. మన ఈఆర్సీల్లోనూ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లలో) సభ్యుల్ని సెలెక్షన్ కమిటీ సిఫారసు మీద ప్రభుత్వమే వేస్తుంది కదా. అయినా బహిరంగ విచారణలో రైతు సంఘాలవాళ్లు లేచి డిస్కం అధికారుల్ని నిలదీస్తారు. గొంతు వినపడాలంటే సీటే ఉండాలా?

సీలేరు శ్రీను:
లేచి మాట్లాడేవాళ్లలో మా ఏజెన్సీ వాళ్లు ఎంతమందో కూడా చెప్పండి అన్నా. విచారణ పట్నంలో, మాకు బస్సు ఉదయం ఒక్కటే.

కొండగాలి:
ఆదివాసీ సంస్థలు కొన్ని కలిసి సవరణను కొట్టేయమని రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లాయి. బ్యాలెట్ మీది ప్రశ్న చదివితే తమ ఓటుహక్కు పోతోందని జనానికి అర్థం కాదన్నది వాళ్ల వాదన. 2022లో కోర్టు తోసిపుచ్చింది. చట్టప్రకారం ఆ కథ ముగిసింది. పాత పద్ధతి తిరిగొస్తుందని నాకూ ఆశ లేదు. కానీ మూడు సీట్లలో ఒకటి వాయవ్య ప్రాంతానికని రాయడానికి ఏం అడ్డమొచ్చింది?

లైన్‌మన్ కొడుకు:
దానికి నాకు అభ్యంతరం లేదు. అర్హత షరతు మాత్రం సడలించకూడదు.

పద్మ (ఫీనిక్స్):
ఇంజనీరింగ్, లా చదివిన నవాహోలు లేరా ఏంటి? అక్కడ షరతు సడలించాల్సి వస్తుందని ఎందుకనుకున్నారు మీరు?