వీలునామాలో పాపకి గార్డియన్‌గా మా చెల్లి పేరు రాస్తే సరిపోతుందా?

నమస్తే అండీ. మాది గుంటూరు. మావారు లేరు, పాపకి ఎనిమిదేళ్లు. నాకేదైనా అయితే పాప మా చెల్లి దగ్గరే పెరగాలని నా కోరిక. చెల్లీ, మరిదీ సరే అన్నారు.

హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) 9వ సెక్షన్ ప్రకారం భర్త పోయిన తల్లి వీలునామా ద్వారా గార్డియన్‌ని నియమించవచ్చని చదివాను. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అంతవరకు తెలుసు.

నా టెన్షన్ అంతా మా బావగారితోనే. "మా ఇంటి పిల్ల మా ఇంట్లోనే ఉండాలి" అని ఇప్పటికే అంటున్నారు. మావారి వాటా పొలం పాప పేరు మీద ఉంది మరి! (ప్రేమ పాప మీదో, పొలం మీదో నాకైతే అనుమానమే.) రేపు ఆయన కోర్టుకెళితే, పిల్ల సంక్షేమమే ముఖ్యం అంటారు కదా, అప్పుడు నా వీలునామాకి ఎంత విలువ ఉంటుంది? పాప బాధ్యత చెల్లికి, పొలం వ్యవహారాలు మా అన్నయ్యకి అని విడివిడిగా రాయొచ్చా? ఎల్‌ఐసీ పాలసీలో నామినీ పాపే. మైనర్ కాబట్టి అపాయింటీగా (అంటే పాప తరఫున డబ్బు తీసుకునే మనిషిగా) చెల్లి పేరిచ్చాను, దాన్ని కూడా మార్చాలా?

ఇలాంటి కేసులు చూసిన లాయర్లు ఎవరైనా ఉంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే గొడవ వచ్చినప్పుడు నిజంగా పనికొస్తుందో లేదో చెప్పండి.