నాన్న పుంజుకి పేరుంది, నా చికెన్‌కి లేదు. ఆయనకి ఏం జవాబు చెప్పను?

కోనసీమ ఆడపడుచు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక హైదరాబాదులో ఉంటున్నాను. కోడి పందేలంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. మా నాన్నకి అవి లేకపోతే సంక్రాంతే లేదు. ఇన్నేళ్ళూ ఆయన బరికి వెళ్ళేవారు, నేను తలుపేసుకుని టీవీ చూసేదాన్ని. గొడవ లేదు.

ఈసారి గొడవైంది. దసరాకి వెళ్తే పెరట్లో ఒక డేగ పుంజు. నాన్న రోజూ పొద్దున్నే దాన్ని చెరువులో ఈత కొట్టిస్తున్నారు. మేత గంట్లు, సోళ్ళు, మటన్ కీమా, నానబెట్టిన బాదం పప్పు. మా ఇంట్లో మనవలకి కూడా బాదం పప్పు లెక్కపెట్టే ఇస్తారు, అది వేరే సంగతి. "దొరా" అని పిలిస్తే వచ్చేది. నాలుగు రోజులు నేనూ గింజలు వేశాను.

సంక్రాంతి నాడు దొర గెలిచింది. గెలిచినవాడిదే కోజ, అంటే ఓడిన కోడి, కాబట్టి అవతలివాళ్ళ కోడి మా ఇంటికొచ్చింది, అమ్మ వండింది. నేను ముట్టలేదు. కనుమ నాడు దొర ఓడిపోయింది, ఇంకెవరింట్లోనో కూరైంది. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. నేను మాత్రం నోరు ఊరుకోక, "నోరులేని జీవం, దానికీ బతికే హక్కుంటుంది కదా" అనేశాను.

తిరిగొచ్చాక ఒక ఆదివారం వీడియో కాల్. నేను సింకు దగ్గర కిలో స్కిన్‌లెస్ కడుగుతున్నాను.
"ఏంటే అది?"
"చికెన్ నాన్నా."
"దాని పేరేంటి?"
నాకు మాట రాలేదు. "నాది ఏడాదిన్నర రాజాలా తిరిగింది. నీది ఎన్ని రోజులు బతికిందో, ఎక్కడ బతికిందో చెప్పు" అని ఫోను అమ్మకిచ్చేశారు.

హక్కంటూ ఉంటే రెండు కోళ్ళకీ ఉండాలి, లేకపోతే రెండింటికీ ఉండకూడదు. మరి దొర తరఫున మాట్లాడే అర్హత నాకు లేనట్టేనా? "మాంసం మానెయ్యండి" అనే జవాబు నాకూ తెలుసు. అది కాకుండా ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ప్లీడరు గుమస్తా:
అమ్మా, కోర్టు వరండాలో ముప్పై ఏళ్ళు తిరిగినవాడిగా చట్టం సంగతి చెప్తాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షను మీకూ మీ నాన్నగారికీ మధ్యే గీత గీసింది. వినోదం కోసం జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం నేరం, కత్తి ఉన్నా లేకపోయినా. తిండి కోసం చంపడానికి అదే సెక్షనులో మినహాయింపు, అనవసరంగా బాధ పెట్టనంత వరకు. అంటే చట్టం మీ పక్షమే. కానీ ఆ మాట ఇంటి దగ్గర అనకండి. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మీ నాన్నగారు యాభై నోటు తీసి మీ చేతిలోనే పెడతారు.

హక్కు అన్నారు కాబట్టి అదీ చెప్తాను. జల్లికట్టు కేసులో 2014 మే 7న సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలో ఉన్న జీవితం అన్న మాటని జంతువుల దాకా తీసుకెళ్ళింది. వాటికీ గౌరవంగా బతికే హక్కుందంది. తర్వాత తమిళనాడు జల్లికట్టు నడిచేలా చట్టం సవరించుకుంది. 2023 మే 18న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందని చెప్తూ, జంతువులకి ప్రాథమిక హక్కులున్నాయని చెప్పిన తీర్పేదీ లేదు, ఇవ్వాలంటే చట్టసభలు చూసుకోవాలి అంది. తొమ్మిదేళ్ళలో ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారని మా వరండాలో అనుకున్నాం. పందేలకి మన దగ్గర అలాంటి సవరణ లేదు. ఆపమని 2016 డిసెంబరులో హైకోర్టు చెప్పింది కూడా. సంక్రాంతికి ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2021లో జగిత్యాల జిల్లాలో పుంజుకి కట్టిన కత్తి తగిలి మనిషే పోయాడు. ఆ పుంజుని పోలీసు స్టేషనులో పెట్టి మేత వేశారు, ఫొటోలు పేపర్లో వచ్చాయి. హక్కు లేని కోడికి కేసులో మాత్రం చోటుంది.

షెడ్డు మల్లన్న:
అక్కా, నాది సిద్దిపేట దిక్కు. ఐదు వేల కోళ్ళ బ్రాయిలర్ షెడ్డు. మీ నాయినకు జవాబు నేను చెప్త. నలభై రోజులు, ఓ రెండు రోజులు అటూ ఇటు.

ఒక్కరోజు పిల్ల, దాణ, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, రెక్కల కష్టం మావి. కిలోకింత అని లెక్క కడ్తరు. రెండు కిలోలు దాటినంక బండి వస్తది. ఆఖరి వారం కొన్ని నడ్వలేవు, ఛాతి బరువు కాళ్ళు మొయ్యవు. జాతినే అట్ల తయారు జేసిండ్రు, నేను విరగ్గొట్టింది కాదు. ఎండకాలం కరెంటు పోతే గంటల వందల కోళ్ళు పోతయి. అందుకే ఏప్రిల్, మే నెలలల్ల నేను షెడ్డు కాడ్నే పండుకుంట. ప్రేమ అనుకోకుండ్రి, నష్టం భయం. కానీ చచ్చినయి బస్తాల ఏరుతుంటె కడుపుల దేవినట్టయితది, అది గూడ నిజమే.

నాకొక్కటే మంట. సంక్రాంతికి పందెం కోడి మీద టీవీల మూడు దినాలు చర్చ నడుస్తది. నా షెడ్డు దిక్కు ఒక్కడు రాడు. కోళ్ళకు ఇంకింత జాగ ఇద్దామంటే నాకు ఇష్టమే, ఐదు వేలకు బదులు మూడు వేలే ఏస్త. మరి కిలో మీద ఆ పైసలు ఎవలిస్తరు? హక్కు ఇస్తే ఇయ్యుండ్రి, రేటు గూడ ఇయ్యుండ్రి.

పాత కత్తి:
నేను భీమవరం వైపు పదకొండేళ్ళు కత్తి కట్టానమ్మా. ఇప్పుడు మానేశాను.

మీ నాన్నగారు బాగా పెంచారు, అందులో వంక పెట్టడానికి లేదు. "పుంజు పుట్టిందే పోట్లాటకి" అని కూడా అనే ఉంటారు, మేమందరం అంటాం. అది సగమే. పెరట్లో రెండు పుంజులు కలబడితే చూడండి. మెడ ఈకలు విప్పుతాయి, ఎగిరి తన్నుకుంటాయి, కాసేపటికి ఒకటి తల దించి పక్కకి పోతుంది. రెండోది కూత వేస్తుంది. అక్కడితో సరి. కత్తి కట్టాక ఆ తల దించే వ్యవధి ఉండదు. ఒకవేళ అలిసి పక్కకి తిరిగినా, ఎత్తి, మొహాన నీళ్ళు కొట్టి, మళ్ళీ ఎదురుగా పెట్టేది మనమే. పోట్లాడటం దాని గుణమే, ఓడిపోయి పారిపోవడమూ దాని గుణమే. రెండోది మనం తీసేశాం.

ఒక ఏడు నేను కట్టిన మైల పుంజు బరి గీత దాటి వచ్చి పెంచినాయన కాళ్ళ సందున దూరింది. ఏడాది పైన మేపాడు కదా, ఇంకెక్కడికి పోతుంది. ఆయన ఎత్తి మళ్ళీ లోపల పెడుతూ, ముడి గట్టిగా ఉందో లేదో చూడమన్నాడు. చూశాను. గట్టిగానే ఉంది.

హక్కులవీ నాకు తెలీవు. ఆ షెడ్డు కోడికి మనిషంటే నమ్మకం కలిగే సందే లేదు, ఈ పుంజుకి ఉంది. అది ఎక్కువ పాపమో తక్కువ పాపమో మీరే తేల్చుకోండి. కత్తి లేకుండా డింకీ పందెం వేసేవాళ్ళూ ఉన్నారు. గుమస్తాగారు అదీ నేరమే అన్నారు కాబట్టి ఇక నేనేమీ అనను.

కోనసీమ ఆడపడుచు:
పాత కత్తిగారు రాసింది నిన్న రాత్రి నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత "దొర అలా రాలేదే" అన్నారు. కాసేపాగి, "డింకీ అయితే నువ్వొచ్చి చూస్తావా?" అన్నారు. అదీ నేరమేనట నాన్నా అంటే, "అయితే నీ యాభై రూపాయలు నువ్వే కట్టు" అని నవ్వారు. ఆయన నవ్వి నెలయింది.

మల్లన్నా, మీరు రాసింది చదివాక చికెన్ కొట్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఈ వారానికి గుడ్ల పులుసు పెట్టాను.

షెడ్డు మల్లన్న:
అక్కా, చెప్పొద్దనుకున్న గానీ చెప్త. గుడ్ల జాతిల మగపిల్లకు పుట్టిన దినమే ఆఖరి దినం. గుడ్డు పెట్టదు, మాంసం రాదు, ఎవలు సాదుతరు? పెట్టలకేమో బోన్లు. జిరాక్సుకు పెట్టే ఏ4 కాగితమంత జాగ గూడ ఒక్కో కోడికి రాదు.

కోనసీమ ఆడపడుచు:
ఇది మా నాన్నకి చెప్పను.