పునాది అయ్యాక ఎస్టిమేటు 22 శాతం పెంచారు. పని ఆపాలా, ఇంకా అప్పు చేయాలా?

ప్లింత్‌దాకా:

నమస్కారం అండీ. ఇల్లు కట్టుకుంటున్నాం. కింద 1,200, పైన 600 చదరపు అడుగులు. ప్లింత్ బీములు (పునాది మీద, నేల మట్టం దగ్గర పోసే కాంక్రీటు దూలాలు) పోసి, లోపల మట్టి నింపి పది రోజులైంది. ఇంక పిల్లర్లు లేపాలి అనగా కాంట్రాక్టరు గారు కొత్త కాగితం చేతిలో పెట్టారు. మొదట రాసుకున్న మొత్తం మీద 22 శాతం ఎక్కువ. "స్టీలు పెరిగింది మేడం, సిమెంటు పెరిగింది, కూలీలు దొరకట్లేదు" అన్నారు. ఆ ఒక్క ముక్క తప్ప వేరే వివరం లేదు.

మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. 20 ఏళ్ల లోను. ఒకపక్క ఇప్పుడున్న ఇంటి అద్దె, ఇంకోపక్క లోను వడ్డీ. మా అమ్మ మాతోనే ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి. రెండంతస్తుల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలంటే ఆమెకు అరగంట పడుతుంది. కింద ఒక గది, దాన్ని ఆనుకుని ఆమెకో బాత్రూం. ఈ ఇల్లు మొదలుపెట్టిందే అందుకోసం.

మావారు ఒక ఏడాది ఆపుదాం, రేట్లు తగ్గుతాయేమో అంటున్నారు. బంధువుల్లో ఒకాయన రాడ్లు కాస్త పలచన చేయించండి, ఎవరికి కనిపిస్తుంది అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు కానీ దేన్ని తగ్గించాలో కూడా తెలియట్లేదు. దిగిన ప్రతి బస్తా, ప్రతి రాడ్డు నోటుబుక్కులో రాసి పెట్టాను. పునాదికి 150 బస్తాల సిమెంటు, 1.9 టన్నుల స్టీలు పట్టింది. ఇల్లు కట్టినవాళ్లు ఎవరైనా దారి చెప్పండి.


సైటు ఇంజనీరు:

అమ్మా, ఆ నోటుబుక్కే మీకు పెద్ద ఆధారం. జాగ్రత్తగా ఉంచుకోండి.

ముందు ఆ 22 శాతాన్ని విడదీద్దాం. పిల్లర్లు, బీములతో కట్టే ఇంటికి మేం నోటి లెక్కగా చదరపు అడుగుకు 4 కిలోల స్టీలు, 0.4 బస్తా సిమెంటు అనుకుంటాం. మట్టిని బట్టి, డిజైన్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది. మీ 1,800 అడుగులకు సుమారు 7.2 టన్నులు, 720 బస్తాలు. అందులో 1.9 టన్నులు, 150 బస్తాలు ఇప్పటికే భూమిలోకి వెళ్లిపోయాయి. అది పాత రేటుకు కొన్న సరుకు, దానికి డబ్బు కూడా ఇచ్చేశారు. పెరిగిన రేటు వర్తించేది మిగిలిన 5.3 టన్నులకు, 570 బస్తాలకు మాత్రమే. ఆయన మాత్రం మొత్తం ఎస్టిమేటు మీద 22 వేశారు. పునాదికి 15 శాతం ఖర్చయిందనుకుంటే, మిగిలిన పని మీద అది 26 శాతం పెంపు!

ఇంకోటి. మొత్తం ఖర్చులో స్టీలు ఆరో వంతు అనుకోండి. స్టీలు ఒక్కటే 20 శాతం పెరిగితే మొత్తం మీద పడేది 3 శాతం చిల్లర. "స్టీలు పెరిగింది" అనే ఒక్క మాటతో 22 రాదు. కూలీ, ఇటుక, కంకర, పైపులు, వైరు అన్నీ కలిసి పెరిగితేనే వస్తుంది. పెరిగి ఉండొచ్చు కూడా, ఆయన్ని అబద్ధాలకోరు అనట్లేదు. ఒక్కో వస్తువుకు మూడు గళ్లు గీయించండి: ఒప్పందం రోజు రేటు, ఇవాళ్టి రేటు, ఇంకా కావలసిన పరిమాణం. దుకాణం బిల్లు పక్కన పెట్టి చూడండి. కాదనే కాంట్రాక్టరు ఉంటే ఆలోచించాల్సిందే.

రాడ్లు పలచన చేయమన్నాయన మాట దయచేసి పక్కన పెట్టేయండి. కాంక్రీటు, స్టీలు, బాత్రూం వాటర్‌ప్రూఫింగు, గోడల్లోకి వెళ్లే వైర్లు, పైపులు, ఇవన్నీ ఒకసారి మూసేశాక మళ్లీ తెరవలేనివి. పని త్వరగా అవ్వాలని కూలీలు కాంక్రీటులో నీళ్లు ఎక్కువ కలిపితే అక్కడే బలం పోతుంది. స్లాబును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి, ఎండ మండుతుంటే ఇంకా ఎక్కువ రోజులు. వీటిలో తగ్గించేదేమీ లేదు.

తగ్గించాల్సింది అడుగులు. పైన 600 ఇప్పుడే కావాలా? పునాది రెండంతస్తులకు వేసేశారు కాబట్టి ఆ బలం ఎక్కడికీ పోదు. కింది అంతస్తు పూర్తి చేసి, పిల్లర్ రాడ్లు స్లాబు పైకి వదిలేయండి. తర్వాత కొత్త రాడ్డు కలిపే అతుకుకు 16 ఎం.ఎం. రాడ్డయితే సుమారు 80 సెంటీమీటర్లు కావాలి, మీ డిజైన్ చేసినాయన చెప్పిన కొలతే పాటించండి. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించి కప్పి ఉంచాలి. అలా వదిలేసి ఆరేళ్ల తర్వాత పైన కట్టుకున్న ఇళ్లు నా చేతి మీద ఉన్నాయి.


పాతలోను:

నాది లోను సంగతే. అదనంగా అప్పు చేసే ముందు ఈ లెక్క చూడండి. 20 ఏళ్లకు 9 శాతం వడ్డీ అయితే తీసుకున్నదానికి 2.16 రెట్లు కడతాం. అదే 15 ఏళ్లయితే 1.83 రెట్లు, 30 ఏళ్లయితే 2.9 రెట్లు. మీలా 20 ఏళ్ల లోనయితే మొదటి నెల వాయిదాలో నూటికి 83 పాళ్లు వడ్డీకే పోతాయి. వడ్డీ 8 నుంచి 9కి వెళ్తే నెల వాయిదా దాదాపు ఏడున్నర శాతం పెరుగుతుంది. అంటే సామాన్లు ఒక్క పైసా పెరగకపోయినా ఇల్లు ప్రియమైనట్టే.

అందుకే అలమరాలు, ఫాల్స్ సీలింగు, వంటగది చెక్కపని లాంటివి లోను డబ్బుతో చేయించకండి అక్కా. మేం చేయించాం. ఆ సీలింగు ఒక మూల అప్పుడే మరకలు కట్టింది, దాని వాయిదా ఇంకా పదకొండేళ్లు కట్టాలి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.


రేట్లు చూస్తుంటాను:

ఏడాది ఆపడం గురించి. మీవారి ఆశ తప్పేం కాదు, ధరలు పడిన సందర్భాలున్నాయి. 2021 మేలో ఉత్తర అమెరికాలో కలప ధర ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లి, ఆగస్టుకల్లా సగానికి పైగా పడింది. కరోనాలో మిల్లులు మూతపడి, అదే సమయంలో అందరూ ఇళ్ల పనులు పెట్టుకోవడం వల్ల వచ్చిన ఉప్పెన అది.

సిమెంటు కథ వేరు. సున్నపురాయిని 1,450 డిగ్రీల దగ్గర కాల్చాలి, కాబట్టి ఇంధనం ధర దాన్ని వదలదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై ఇంధనం భగ్గుమన్నప్పుడు సిమెంటు, స్టీలు, ఇటుక, గాజు అన్నీ కదిలాయి. ఇసుక, కంకర అయితే ప్రపంచం ఏడాదికి 5,000 కోట్ల టన్నులు వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో చెప్పింది. ఎడారుల నిండా ఇసుక ఉన్నా, గాలికి అరిగి నున్నబడిన ఆ రేణువులు కాంక్రీటుకు పట్టు ఇవ్వవు. ఇక కూలి ఒకసారి పెరిగితే తగ్గదు, తగ్గాలని కోరుకోకూడదు కూడా.

కాబట్టి ఒక వస్తువు ధర పడొచ్చు, ఇల్లు మొత్తం చవకవుతుందని మాత్రం నమ్మలేను. ఆపిన ఏడాదంతా అద్దె, వడ్డీ రెండూ నడుస్తూనే ఉంటాయి. ఆ రెంటినీ పన్నెండుతో గుణించి, 22 శాతం పక్కన పెట్టి చూడండి.


ప్లింత్‌దాకా:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

మూడు గళ్ల కాగితం అడిగాం. మొదట ముఖం మాడ్చుకున్నారు. నోటుబుక్కు ముందు పెట్టేసరికి కూర్చున్నారు. రెండు సాయంత్రాలు పట్టింది. పునాది సరుకు తీసేసి, బిల్లులు చూసి లెక్కేస్తే 11 శాతానికి వచ్చింది. అందులో సగానికి పైగా కూలిదే. అది న్యాయమే అనిపించింది, ఒప్పుకున్నాం. ఇకమీద రేటు మారితే ఏ తేదీ నుంచి, దేనికి, ఎంత పరిమాణానికి అన్నది రాతలో ఉంటుంది.

అద్దె, వడ్డీ పన్నెండు నెలలకు వేసి చూశాక మావారు ఆపుదామన్న మాట ఎత్తలేదు. పైన 600 వాయిదా వేశాం. పిల్లలకు విడిగా గదులు ఇప్పుడు రావు. పెద్దది రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత తనే వచ్చి హాల్లో చదువుకునే బల్ల ఎక్కడ వస్తుందో కొలిచింది. అలమరాలు కూడా తర్వాతే. కొత్త లోను తీసుకోలేదు. పిల్లర్లు లేచాయి, సోమవారం ఇటుక పని మొదలు.


సైటు ఇంజనీరు:

చాలా సంతోషం అమ్మా. ఇటుక మొదలయ్యే ముందు మీ అమ్మగారి బాత్రూం ఒక్కసారి చూసుకోండి. తలుపు సందు కనీసం 3 అడుగులు ఉండాలి, రేపు వాకర్ పట్టాల్సి వస్తే పడుతుంది. గడప వద్దు, గదికీ బాత్రూంకీ మధ్య మెట్టు రాకుండా నేల మట్టం ఇప్పుడే చెప్పండి, నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వాలేలా వాలు లోపలే ఇస్తారు. కమోడ్ పక్క గోడ గట్టి ఇటుకతో కట్టించండి, పట్టుకునే కడ్డీ బిగించాలంటే బోలు ఇటుక ఆగదు. ఇప్పుడైతే వీటికి పెద్దగా ఖర్చు లేదు, తర్వాతైతే గోడ పగలగొట్టాలి.


ప్లింత్‌దాకా:

ప్లాన్‌లో చూశాను, తలుపు రెండున్నర అడుగులే ఉందండీ. ఇప్పుడే మేస్త్రీ గారికి ఫోన్ చేస్తున్నాను.